రెండో పేరు

బీదర్‌లో తెలుగువాళ్ళ ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేదు. 1956 దాకా జహీరాబాదు, నారాయణఖేడ్ ఈ జిల్లా తాలూకాలే. రాష్ట్రాల సరిహద్దు జరిగింది గాని వియ్యాలు తెగలేదు. ఈ సంవాదంలో ఇద్దరూ అలాంటి ఇంటివాళ్ళు. ఒకామె ఔరాద్ తాలూకా పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన చిన్నమ్మ. ఇంకొకరు ఆమె అక్క కొడుకు. వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ చెబుతాడు, తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పత్రాలు రాస్తాడు, అసోసియేట్ ప్రొఫెసర్ కావడానికి ఫైలు సిద్ధం చేసుకుంటున్నాడు. మనుషులు నా కల్పన. తగవు కల్పన కాదు. కాకపోతే మామూలుగా దీంట్లో సగం కాలేజీలో, ఇంకో సగం సబ్ సెంటర్లో జరుగుతుంది. ఆ రెండు సగాలనూ ఒక వసారాలో కూర్చోబెట్టాను, అంతే.

చిన్నమ్మ: ఈ జాబితాల ఉన్నయన్ని నువ్వే రాసినవా బిడ్డా?

డాక్టరు: అన్నిట్లో నా పేరుంది చిన్నమ్మా.

చిన్నమ్మ: నేనడిగింది గది కాదు.

డాక్టరు: చాలావరకు నేనే రాశాను. కొన్నిటికి లెక్కలు కట్టాను. ఒకటి రెండింట్లో మాత్రం... డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను కాబట్టి పేరు పెట్టారు. అన్నిచోట్లా జరిగేదే.

చిన్నమ్మ: మహమూద్ గవాన్ మొహరు లెక్కన్నట్టు.

డాక్టరు: బహమనీల వజీరుగా ఉండి మదర్సా కట్టించిన ఆయన్ని ఇందులోకి ఎందుకు లాగుతావ్?

చిన్నమ్మ: బీదర్ల ఉండి ఆ కథ తెల్వనోళ్లెవరు? మొహరు కాడ ఉండెటోనికి తాగబోసి, ఖాళీ కాయితం మీద ముద్ర కొట్టించిన్రు. వాళ్లకు ఏం గావాల్నో దాని మీద రాసుకున్నరు. ఆయన పాణం పోయింది.

డాక్టరు: 1481లో, కొండపల్లి దండులో. మదర్సా కట్టి అప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు. సరే, కానీ నా పత్రాల్లో రాజద్రోహం లేదే! రక్తహీనత ఉంది, బరువు తక్కువ బిడ్డలు ఉన్నారు.

చిన్నమ్మ: ఖాళీ కాయితం మీద పేరిచ్చినవా లేదా, గది చెప్పు.

గవాన్ ముద్ర ఆయనకు తెలియకుండా పడింది. డాక్టరుగారి పేరు తెలిసే పడింది. చిన్నమ్మ ఈ తేడా పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే అతనికి ఇంకా ఇబ్బంది.

డాక్టరు: రూలు అలా ఉంది మరి. పత్రాలు లేనిదే ప్రమోషన్ లేదు. 2015లో మెడికల్ కౌన్సిల్ రచయితల వరుసలో మొదటి ఇద్దరినే లెక్కలోకి తీసుకుంటామంది. 2020లో కొంచెం సడలించి మొదటి ముగ్గురు, లేదా జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత అన్నారు. నాలుగో పేరువాడు ఎంత కష్టపడినా కరస్పాండింగ్ ఆథర్ కాకపోతే ఏమీ చేయనట్టే. అందుకని పంచుకుంటారు. నీ పత్రంలో నాకు రెండోది, నా పత్రంలో నీకు రెండోది.

చిన్నమ్మ: బిడ్డల బరువు జూసుడు కాదు, పేర్ల వరుస జూసుడైతున్నది.

డాక్టరు: రూలు లేనప్పుడు ఏమైందో అది కూడా చూడాలి కదా. సమీరన్ నందీ అని ఢిల్లీలో పేరున్న సర్జన్, ఆయన తోటివాళ్ళు కలిసి 2016లో ఒక లెక్క బయటపెట్టారు. 2005 నుంచి 2014 దాకా, దేశంలో 579 వైద్య సంస్థలుంటే 332 చోట్ల ఒక్క పత్రం రాలేదు. పదేళ్ళు! ఆ ఆస్పత్రుల కాన్పుల వార్డుల్లో పదేళ్ళపాటు రాయదగ్గది ఏమీ జరగలేదంటావా? జరిగింది. చూసినవాళ్ళు ఉన్నారు. రాయలేదు. వాళ్ళు రిటైరయ్యారు, వాళ్ళకు తెలిసిందీ వాళ్ళతోనే ఇంటికి పోయింది.

చిన్నమ్మ: రాయకుంటె తప్పే, నేను కాదంటలేను. గాని మెడ మీద కత్తి పెట్టి రాయిస్తె ఏం రాస్తరు?

డాక్టరు: డబ్బు కడితే ఎవరూ చదవకుండానే అచ్చేసే జర్నళ్ళు పుట్టుకొచ్చాయి, నిజమే. హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. అలాంటి చోట నేను ఒక్కటీ వేయలేదు.

చిన్నమ్మ: మంచిది. ఇగ ఏసినయి జూద్దాం. గిందుల ఏ కాయితం వల్లనన్న ఒక్క తల్లి బతికిందా?

డాక్టరు: నావి పక్కన పెట్టు. పత్రం వల్ల ఏం జరుగుతుందో తెలియాలంటే బెళగావి సంగతి చెప్పాలి. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వాళ్ళు అమెరికా డాక్టర్లతో కలిసి, జిల్లా పల్లెల్లో 1620 మంది కాన్పుల మీద పరీక్ష చేశారు. సగం మందికి బిడ్డ బయటపడగానే 600 మైక్రోగ్రాముల మిసోప్రొస్టాల్ గోళీలు మింగించారు. మిగతా సగానికి చూడ్డానికి అలాగే ఉండే, మందు లేని గోళీలు. ఏది ఎవరికి పడిందో ఇచ్చినవాళ్ళకు కూడా తెలియదు. మందు పడనివాళ్ళలో నూటికి 12 మందికి కాన్పు తర్వాత నెత్తురు మితిమీరి పోయింది. మందు పడ్డవాళ్ళలో అది 6.4కి దిగింది. 18 మందికి గోళీలిస్తే ఒక్కరికి ఆ గండం తప్పుతుంది. 2006లో లాన్సెట్‌లో వచ్చింది. సూది వేయక్కర్లేదు, ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు, డాక్టర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పనికి ఆ గోళీని తన ఆవశ్యక మందుల జాబితాలో చేర్చింది.

చిన్నమ్మ: గోళీలు ఇచ్చింది ఎవరు?

డాక్టరు: ఏఎన్ఎంలు.

చిన్నమ్మ: గట్ల చెప్పు మల్ల.

డాక్టరు: ఇంకోటి విను. కాన్పులో నెత్తురు ఎంత పోయిందో నువ్వెలా చెప్పేదానివి?

చిన్నమ్మ: ఎట్ల చెప్తరు? బట్టలు ఎన్ని తడిసినయి, చాప కిందికి దిగిందా, మనిషి మొఖం ఎట్లున్నది, చేతులు సల్లబడ్డయా. ఆ అందాజు మీదనే జీపు పిలుస్తుంటిమి.

డాక్టరు: ఆ బెళగావి బృందమే బాలింత కింద పరిచే ప్లాస్టిక్ షీటుకు గీతలున్న సంచీ పెట్టింది. నెత్తురు సంచీలోకి దిగుతుంది, కొలత కళ్ళకు కనబడుతుంది. తర్వాత కంటి అందాజును, సంచీ కొలతను పక్కపక్కన పెట్టి చూశారు. కన్ను 33 శాతం తక్కువ చెప్పింది.

చిన్నమ్మ: మూడోవంతు?

డాక్టరు: మూడోవంతు.

చిన్నమ్మ: ... జర సేపు జూద్దాం, ఆగుతదేమో అని ఎన్నిసార్లు అన్ననో.

డాక్టరు: నువ్వొక్కదానివే కాదని చెప్పేదే పత్రం. ఎంత తేడా అని కూడా చెబుతుంది. నీ అనుభవం నీకు ఇరవై ఏళ్ళయినా ఆ 33ని చెప్పలేదు, ఎందుకంటే పక్కన సంచీ లేదు. అలా గీతలున్న షీటునే ఈమధ్య కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రుల్లో వాడి చూశారు. నెత్తురు గీత దాటగానే గర్భసంచి మర్దన, మందులు, సెలైన్ ఒకదాని కోసం ఇంకోటి ఆగకుండా అన్నీ ఒకేసారి మొదలుపెట్టాలని నేర్పారు. తీవ్రమైన రక్తస్రావం, దాని కోసం పొట్ట కోయాల్సి రావడం, చావు, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. 2 లక్షలకు పైగా కాన్పుల లెక్క అది, 2023లో వచ్చింది. బెళగావి వాళ్ళు తమ సంచీ సంగతి తమ దగ్గరే పెట్టుకుని ఉంటే?

చిన్నమ్మ: ఒప్పుకున్న. ఇప్పుడు నేనడిగిందానికి జవాబు చెప్పు. ఆ లాన్సెట్ కాయితంల పేర్ల వరుసల ఏఎన్ఎం ఉన్నదా?

డాక్టరు: రచయితల్లో లేదు. రచయిత అనిపించుకోవడానికి షరతులున్నాయి. అధ్యయనం ఎలా చేయాలో ఆలోచించి ఉండాలి, లేదా లెక్కలు సేకరించి విశ్లేషించి ఉండాలి. రాతలో చెయ్యి ఉండాలి. చివరి ప్రతిని చూసి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా తప్పు పడితే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఉత్త పని చేసినంత మాత్రాన సరిపోదు.

చిన్నమ్మ: ఉత్త డిపార్ట్‌మెంట్ల ఉన్నంత మాత్రాన సరిపోతదా?

ఇక్కడ డాక్టరు కాసేపు మాట్లాడలేదు. నన్నడిగితే ఈ ప్రశ్నకు జవాబు లేదు. షరతులు కింది నుంచి వచ్చేవాళ్ళకు గేటు, పక్క కుర్చీలో ఉన్నవాళ్ళకు తెరిచిన తలుపు. అతను అదే మాట ఒప్పుకోకుండా దాడి మళ్ళించాడు. అది మంచి దాడే.

డాక్టరు: పత్రాలు అబద్ధమాడతాయంటావు. రిజిస్టర్లు ఆడవా? గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్‌లు, వాళ్ళతో కలిసిన సంస్థలు 2001లో మరాఠీలో ‘కోవళీ పానగళ్’ అని నివేదిక వేశాయి. మహారాష్ట్రలో సర్కారు రిజిస్టర్లకెక్కని పసిబిడ్డల చావులు ఎన్ని ఉన్నాయో ఊళ్ళల్లో తిరిగి లెక్కబెట్టి చూపించారు. నీ రిజిస్టర్లో ఎక్కనిది ఏదీ లేదా?

చిన్నమ్మ: ఉన్నది. దాస్తె ఏమొస్తది? పుట్టి, ఏడ్చి, రెండు గంటలు బతికి పోయిన బిడ్డను కడుపులనే పోయిందని రాయమన్నోళ్లున్నరు. గట్ల రాస్తె నెల మీటింగుల ఎవరు ఏం అడగరు.

డాక్టరు: మరి?

చిన్నమ్మ: సర్కారు రిజిస్టర్ల వాళ్లన్నది రాసిన. ఇంట్ల నా నోటుబుక్కుల నేను జూసింది రాసిన.

డాక్టరు: నోటుబుక్కా? ఎప్పుడూ చెప్పలేదే!

చిన్నమ్మ: నువ్వు అడగలే. దాని మాట తర్వాత. గడ్చిరోలిది ఇంక ఏమో అంటుంటివి.

డాక్టరు: వాళ్ళు ఊరి ఆడవాళ్ళకు నేర్పి పుట్టిన బిడ్డను ఇంట్లోనే చూసుకునేలా చేశారు. బరువు చూడ్డం, వెచ్చగా ఉంచడం, ఊపిరాడకపోతే ఏం చేయాలి, జబ్బు చేసిందని ఎలా గుర్తించాలి, చివరికి సూది వేయడం కూడా. 1999లో లాన్సెట్‌లో రాశారు. నెలలోపు బిడ్డల చావులు, ఈ పని జరగని ఊళ్ళతో పోలిస్తే 62 శాతం తగ్గాయి. పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. అచ్చులో ఉంది కాబట్టి ఎక్కడ తప్పుందో వెతకడానికి వీలైంది. వెతికారు, వేరే చోట్ల చేసి చూశారు. 2011 నుంచి కేంద్ర ప్రభుత్వం ఆశాలతో దేశమంతా అలాంటిదే చేయిస్తోంది. సూది మాత్రం తీసేసింది.

చిన్నమ్మ: మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. అదేనా?

డాక్టరు: అదే.

చిన్నమ్మ: జూడు మల్ల. మాకు సర్క్యులర్ వచ్చింది, ఫారాలొచ్చినయి, ఎన్ని ఇండ్లు తిరిగిన్రని అడిగెటోళ్లొచ్చిన్రు. ఎందుకు తిరగాల్నో మాత్రం ఎవరు చెప్పలే. పక్క జిల్లాల తీర్గనే ఎక్కడనో ఊరోళ్లు చేసి చూపెట్టిన పని అని తెలిస్తె, మా ఆశాలు ఆ ఫారాలు నింపే తీరే వేరే ఉండు. మీ కాయితాలు మా నుంచి మీదికి పోతయి. మీదికెల్లి మాకు హుకుం వస్తది, కారణం రాదు.

డాక్టరు: కారణం ఎప్పుడూ సూటిగా ఉండదు కూడా. నువ్వు పిల్లలకు విటమిన్ ఏ సిరప్ పోసేదానివి కదా?

చిన్నమ్మ: తొమ్మిది నెలలకెల్లి అయిదేండ్ల దాక. తొమ్మిది డోసులు.

డాక్టరు: 1990లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కె. విజయరాఘవన్, వినోదినీ రెడ్డి వాళ్ళు ఒక పత్రం వేశారు. ఆ పెద్ద డోసు వల్ల తాము చూసిన పిల్లల్లో చావులు తగ్గలేదని. అదే ఏడాది తమిళనాడు నుంచి ఇంకో పత్రం, వారం వారం చిన్న డోసు ఇస్తే చావులు సగానికి పైగా తగ్గాయని. తర్వాత ఉత్తరప్రదేశ్‌లో 10 లక్షల మంది పిల్లల మీద చేసిన దేవ్‌తా అధ్యయనం తేడా నామమాత్రమే అంది. పని 2004 నాటికే అయిపోయినా, పూర్తి పత్రం వచ్చేసరికి 2013.

చిన్నమ్మ: తొమ్మిదేండ్లు ఏం జేసిన్రు?

డాక్టరు: అదే అందరూ అడిగారు. అందుకే హైదరాబాద్ వాళ్ళంటే నాకు గౌరవం. మందు పనిచేసిందని రాయడానికి ఎవరైనా ముందుకొస్తారు. సొంత ఊళ్ళో చేసి, పనిచేసినట్టు కనబడలేదని అచ్చులో చెప్పడానికి గుండె కావాలి. నా జాబితాలో అలాంటిది ఒక్కటీ లేదు.

చిన్నమ్మ: అట్లాంటిదానికి ప్రమోషన్ రాదా?

డాక్టరు: వస్తుంది. జర్నళ్ళే తొందరగా తీసుకోవు.

చిన్నమ్మ: పేర్లు పేర్లని కొట్టుకుంటరు గాని, బస్తాల లెక్కన పంచిన ఎర్ర ఐరన్ గోళీల మీద ఎవరి పేరున్నది?

డాక్టరు: దాంట్లో ఫోలిక్ యాసిడ్ మన భీమవరం మనిషిది అనుకోవచ్చు. బొంబాయి మిల్లు కార్మికురాళ్ళలో గర్భిణీల రక్తహీనతకు ఈస్ట్ రసం పనిచేస్తోందని లూసీ విల్స్ 1931లో రాసింది, ఒక్క పేరుతో. ఆ రసంలో ఉన్నదాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసినప్పుడు పత్రం మీద పెద్ద వరుస. దాని మధ్యలో ఎక్కడో యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పనిని నడిపించింది ఆయన. ఇప్పటి రూలు పెడితే ఆయనకు ఆ పత్రానికి సున్నా.

సుబ్బారావును తెచ్చి తన వాదాన్ని తనే పడగొట్టుకున్నాడని డాక్టరు గమనించినట్టు లేదు. చిన్నమ్మ గమనించింది గానీ వదిలేసింది. ఆమె మనసు వేరే చోట ఉంది.

చిన్నమ్మ: నీ జాబితా మొత్తం జూసిన. రక్తం తక్కువ, బరువు తక్కువ, పాలు ఎప్పుడు పట్టిన్రు... మంచిదే. ఇవి ఏ జిల్లాల అయినా రాయొచ్చు. బీదర్ది ఏది?

డాక్టరు: అంటే?

చిన్నమ్మ: తొలి కాన్పుకు పిల్ల తల్లిగారింటికి పోతది. మన కాడ తల్లిగారిల్లు అంటె నారాయణఖేడ్ కావొచ్చు, దెగ్లూర్ కావొచ్చు, ఉద్గీర్ కావొచ్చు. ఏడో నెలల, కడుపుతోని ఉన్నోళ్లకిచ్చే తాయి కార్డు సంచిల పెట్టుకుని రాష్ట్రం దాటుతది. అక్కడ ఆ కార్డు జూసి, ఇది కన్నడం, మాకు రాదంటరు. మల్ల కొత్తగ రాస్తరు. మన కాడ బీపీ ఎక్కువున్నదని ఎర్ర ఇంకుతోని రాసిన సంగతి అక్కడికి పోదు. అక్కడ కాన్పుల ఏమైందో మన కాడికి రాదు. నా రిజిస్టర్ల పేరు ముంగట ‘తల్లిగారింటికి పోయింది’ అని రాసి ఇడిసిపెట్టుడే. ఆమె బతికిందా, బిడ్డ బతికిందా, మూడు రాష్ట్రాలల్ల ఎవరి లెక్కల ఉన్నది?

డాక్టరు: 2018-20 లెక్క ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల చావులు కర్ణాటకలో 69, తెలంగాణలో 43...

చిన్నమ్మ: ఆ మధ్యన నడిచెటామె 69లనా, 43లనా?

డాక్టరు: ఆ లెక్క శాంపిల్ సర్వేది, ఒక్కో మనిషిని వెతకదు. కానీ ఇది నిజంగా పత్రానికి పనికొచ్చే ప్రశ్న చిన్నమ్మా. నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు...

చిన్నమ్మ: పత్రానికి పనికొచ్చుడు తర్వాత. 2024 నవంబర్ల బళ్ళారిల సిజేరియన్లయినంక బాలింతలు వరుసగ పోయిన్రు, అయిదుగురు. సెలైన్ మీద అనుమానమొచ్చింది, ఆపిన్రు. ఏ జర్నల్ జూసి ఆపిన్రు? వార్డుల ఉన్నోళ్లు జూసి ఒర్లితె ఆపిన్రు.

డాక్టరు: ఒర్లింది ఎంత దూరం వినబడింది? రెండు నెలలు తిరక్కుండానే, 2025 జనవరిలో బెంగాల్ మేదినీపూర్‌లో మళ్ళీ ఒక బాలింత పోయింది, మళ్ళీ ఆ రకం సెలైన్ మీదే అనుమానం. జర్నల్ నెమ్మది, ఒప్పుకుంటాను. కానీ గొంతు పక్క జిల్లా దాకా, రాత పక్క రాష్ట్రం దాకా పోతుంది. నువ్వు చెప్పిన, తల్లిగారింటికి పోయే పిల్ల కూడా రాష్ట్రం దాటుతున్నదే కదా? ఆ నోటుబుక్కులు ఇవ్వు. నేను రాస్తాను.

చిన్నమ్మ: ముందుగాల నీ జాబితలకెల్లి ఆ ఒకటి రెండు తీసెయ్.

డాక్టరు: తీస్తే ఫైలుకు లెక్క సరిపోదు.

చిన్నమ్మ: సరిపోకుంటె ఇది రాసినంక పెట్టు ఫైలు.

డాక్టరు: ఏడాది ఆలస్యమవుతుంది! ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. నీ నోటుబుక్కులో తల్లుల పేర్లు, ఊళ్ళు ఉంటాయి, అవి బయటికి రాకూడదు.

చిన్నమ్మ: రానియ్య. పేర్లు నేనే కొట్టేసి ఇస్త. ఆ కమిటీల పల్లె ఆడిమనిషి ఎవరన్న ఉన్నదా?

డాక్టరు: డాక్టర్లు కాని మామూలు మనిషి ఒకరు ఉండాలని నిబంధన.

చిన్నమ్మ: ఎవరో కనుక్కో. నేను పోయి మాట్లాడ్త. ఇగ పేర్లెట్ల?

డాక్టరు: నాది మొదటిది. నీది రెండోది. నువ్వు చూశావు, రాసుకున్నావు, చదివి ఒప్పుకుంటావు, అడిగితే జవాబు చెబుతావు. షరతులన్నీ సరిపోతాయి.

చిన్నమ్మ: జూసింది నేను, రాసుకున్నది నేను. మొదటిది నీదెట్లయితది?

డాక్టరు: నీకు ప్రమోషన్ అక్కర్లేదు కదా చిన్నమ్మా.

చిన్నమ్మ: అక్కరున్నోళ్లదే ముంగట పెడ్తరా? సరే. ఇంగ్లీషుల రాసిన కాయితం మీద నీదే మొదలు పెట్టుకో. గాని దానికన్న ముందు అదే సంగతి కన్నడంల, తెలుగుల, మరాఠీల రెండు పుటలు రాయి. ఔరాద్ల, నారాయణఖేడ్ల, దెగ్లూర్ల, మూడు దిక్కుల ఆశాల మీటింగుల చదవాలె.

డాక్టరు: అది ఏ లెక్కలోకీ రాదు.

చిన్నమ్మ: అందుకే దాని మీద నా పేరు మొదలు పెట్టు.

డాక్టరు: మరి రెండో పేరు నాదేనా?

చిన్నమ్మ: నీదెందుకు? ఇన్నేండ్లు ఇల్లిల్లు తిరిగి, ఆ పిల్లలు ఎటు పోయిన్రో నాకు చెప్పిన ఆశాలు ఉన్నరు గద. వాళ్లైనంక, జాగా ఉంటె, నీది.